ఒకే బోటులో ఇద్దరు: గాలం పోటీల్లో ఔత్సాహికుడి చోటు ఎక్కడ?

చాలా ఆటల్లో సరదాకి ఆడేవాళ్లు వేరు, ఆట మీదే బతికేవాళ్లు వేరు. ఇద్దరూ ఒకే మైదానంలో కనిపించారంటే అది ఏ ప్రదర్శన మ్యాచో, విరాళాల కోసం పెట్టిన పోటీయో అయి ఉంటుంది. గోల్ఫ్‌లో ఇద్దర్నీ జతకట్టే ప్రో-యామ్ పోటీలు ఎప్పటినుంచో ఉన్నా, అక్కడ ఎవరి బంతి వాళ్లది. ఔత్సాహికుడు ఎంత బాగా కొట్టినా ప్రొఫెషనల్ బంతి అంగుళం కదలదు. గాలం పోటీల్లో అలా కుదరదు. ఇద్దరూ ఒకే బోటు ఎక్కుతారు, ఒకే నీటిలో ఎర వేస్తారు. అక్కడున్న చేప ఒకరికి పడిందంటే రెండోవారికి లేనట్టే. పోటీ నిజమైనది, గెలిస్తే వచ్చే డబ్బూ నిజమైనదే.

ఈ ఏర్పాటు న్యాయమా కాదా అన్న వాదన అమెరికాలోని బ్యాస్ అనే మంచినీటి చేపల పోటీల చుట్టూ దశాబ్దాలుగా నడుస్తోంది. పైకి అది నైపుణ్యంలో తేడా గురించిన వాదనలా కనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే చిక్కు వేరే చోట ఉంది. బోటు ఎవరి చేతిలో ఉంది? పట్టిన చేప ఎవరి లెక్కలోకి వెళుతుంది? ఈ రెండు ప్రశ్నలకు నిబంధనలు ఇచ్చే జవాబును బట్టే ఔత్సాహికుడు ప్రత్యర్థి అవుతాడు, శిష్యుడవుతాడు, జట్టులో మనిషవుతాడు, లేదంటే ఫీజు కట్టి కూర్చున్నవాడిగా మిగిలిపోతాడు.

సాక్షిగా ఎక్కిన రెండో మనిషి

1967 జూన్‌లో అర్కాన్సా రాష్ట్రంలోని బీవర్ సరస్సు మీద రే స్కాట్ ఒక పోటీ పెట్టాడు. ఆయన అలబామాలోని మాంట్‌గోమరీకి చెందిన ఇన్సూరెన్స్ ఏజెంటు. తలా 100 డాలర్లు కట్టి 106 మంది వచ్చారు. నాష్‌విల్‌కు చెందిన స్టాన్ స్లోన్ గెలిచి 2,000 డాలర్లు, అకాపుల్కో విహారయాత్ర అందుకున్నాడు. ఆ మరుసటి ఏడాదే స్కాట్ బ్యాస్ యాంగ్లర్స్ స్పోర్ట్స్‌మన్ సొసైటీని స్థాపించాడు. నేటి ప్రొఫెషనల్ బ్యాస్ పోటీలన్నిటికీ మూలం అదే.

ఆ రోజున సరస్సు మీదికి వెళ్లిన 106 మందిలో నేటి అర్థంలో ప్రొఫెషనల్ అనదగ్గవాడు ఒక్కడూ లేడు. అందరికీ వేరే పనులున్నాయి. అయినా ఒక బోటులో ఇద్దరు అపరిచితుల్ని చీటీ తీసి కూర్చోబెట్టే పద్ధతి ఆ పోటీల్లో తొలినాళ్ల నుంచే పాతుకుపోయింది. కారణం అపనమ్మకం. అంతకుముందు అక్కడక్కడా జరిగే చేపల పందాలకు మోసాల పేరు గట్టిగా ఉండేది. ముందురోజు పట్టి దాచుకున్న చేపల్ని తెచ్చి తూకం వేయించేవాళ్లు, కొని తెచ్చేవాళ్లు ఉండేవారు. స్నేహితులిద్దరూ ఒకే బోటులో ఉంటే ఒకరినొకరు కాపాడుకుంటారు. పరిచయం లేని ఇద్దరుంటే ఒకరిని ఒకరు కనిపెట్టుకుని ఉంటారు. రెండో సీటు పుట్టింది సాక్షి కోసం.

సాక్షి కూడా పోటీదారే కావడంతో గొడవలు మొదలయ్యాయి. ఇద్దరిదీ సమాన హోదా. ఎవరి బోటులో వెళ్లాలో, ఎక్కడికి వెళ్లాలో మాట్లాడుకుని తేల్చుకోవాలి. తేలకపోతే రోజును చెరి సగం పంచుకోవాలి. వారం పాటు సరస్సంతా తిరిగి చేపలున్న చోటు కనిపెట్టినవాడు, ఏమీ దొరకని జతగాడికి సగం రోజు వదులుకోవాల్సి వచ్చేది. రోజంతా ఇరుకు బోటులో పరాయి మనిషితో గడపడం అనే విషయం ఇంకో రూపంలోనూ బయటపడింది. 1991లో మిస్సోరీలోని ట్రూమన్ సరస్సు మీద వోజాయ్ రీడ్ స్కాట్ స్థాపించిన సంస్థ పోటీల్లో పాల్గొన్న తొలి మహిళ అయినప్పుడు, వ్యతిరేకించిన మగవాళ్లు చూపిన కారణం గాలం వేయడం కాదు, ఒకే బోటులో ఉండాల్సి రావడం.

దారి మార్చింది ఎఫ్ఎల్‌డబ్ల్యూ పోటీలు. రేంజర్ బోట్ల కంపెనీ స్థాపకుడు ఫారెస్ట్ ఎల్. వుడ్ పేరు మీద 1996లో మొదలైన ఈ పోటీల్లో ప్రొఫెషనల్, కో-యాంగ్లర్ అని రెండు విభాగాలు చేశారు. ప్రొఫెషనల్ తన బోటు తెచ్చుకుని ముందు నిలబడతాడు. ఎక్కడికెళ్లాలి, ఎంతసేపు ఉండాలి అన్నది పూర్తిగా అతని ఇష్టం. కో-యాంగ్లర్ వెనక నిలబడతాడు. ప్రొఫెషనల్స్ ప్రొఫెషనల్స్‌తో, కో-యాంగ్లర్లు కో-యాంగ్లర్లతో పోటీ పడతారు. ఫీజూ తక్కువే. వారాంతపు పోటీల్లో కో-యాంగ్లర్ ఫీజు బోటు యజమాని కట్టేదాంట్లో సగం దాకా ఉంటుంది, పెద్ద పోటీల్లో అంతకంటే బాగా తక్కువ. కాగితం మీద చూస్తే గొడవ తీరిపోయింది. ఇద్దరూ ఒకే బోటులో ఉన్నా వేర్వేరు పోటీల్లో ఉన్నారు.

కానీ నీళ్లు ఒక్కటే.

వెనక నిలబడితే ఏం కనిపిస్తుంది

బ్యాస్ బోటు పొడవు సుమారు 20 అడుగులు. ముందు కొసన కాలితో నడిపే చిన్న ఎలక్ట్రిక్ ట్రోలింగ్ మోటారు ఉంటుంది. పెద్ద ఇంజన్ ఆపేశాక బోటు ఎటు తిరగాలి, ఒడ్డుకి ఎంత దూరంలో ఉండాలి, ఎంత వేగంగా కదలాలి అన్నది ఆ పెడల్ మీద పాదం ఆనించినవాడి చేతిలోనే ఉంటుంది. వేసవిలో ఒడ్డు వెంబడి వరసగా ఉన్న పడవల రేవుల దగ్గర ఇది ఎలా పనిచేస్తుందో చూడాలి. రేవు బల్ల కింద నీడలో, సరిగ్గా మూల స్తంభం దగ్గర బ్యాస్ చేప పొంచి ఉంటుంది. ప్రొఫెషనల్ బోటును ఏటవాలుగా తెచ్చి, ఎరను నీటికి తగిలీ తగలనట్టు జార్చి నీడ లోపలికి పంపుతాడు. పడితే పడింది, లేకపోతే పెడల్ నొక్కి పక్క రేవుకి కదులుతాడు. బోటు వెనక భాగం ఆ మూలకి వచ్చేసరికి కోణం మారిపోయి ఉంటుంది. స్తంభం అడ్డొస్తుంది, లేదా నీడ అవతలి వైపుకి పోతుంది. కో-యాంగ్లర్‌కి దక్కేది ముందువాడు గాలం వేసి వెళ్లిన ఎంగిలి నీళ్లు.

అందుకే మంచి కో-యాంగ్లర్లు ముందువాడు చేసేదే చేయరు. అతను వేగంగా కదిలే ఎర వేస్తుంటే వీళ్లు నెమ్మదిగా అడుగున కదిలేది వేస్తారు. అతను పెద్ద ఎర వేస్తుంటే వీళ్లు సన్నటి దారానికి చిన్న రబ్బరు పురుగు కడతారు. అతను ఒడ్డు వైపు చూస్తుంటే వీళ్లు బోటుకి రెండో పక్కన ఉన్న లోతు నీటిని వెతుకుతారు. ముందువాడి ఎరను వెంబడించి, చివరి క్షణంలో వెనుదిరిగిన చేప ఇంకా అక్కడే ఉంటుంది. అది చూసిన ఎరను మళ్లీ చూపించడం దండగ. దాని నోటి ముందుకి కొత్తదొకటి తీసుకురావాలి. దీనికి నిజమైన నైపుణ్యం కావాలి. వెనక సీటు గెలుపు అదృష్టం మీదే వస్తుందనేవాళ్లు ఈ పనిని దగ్గర్నుంచి చూసి ఉండరు.

అయితే ఆ నైపుణ్యం ఎంతవరకు పనికొస్తుందన్నది సరస్సును బట్టి, రుతువును బట్టి విపరీతంగా మారుతుంది. ఈ విషయం మీద జరగాల్సినంత చర్చ జరగదు. వసంతంలో బ్యాస్ చేపలు ఒడ్డు దగ్గర లోతులేని నీళ్లలో గూడు చేసుకుని గుడ్లు పెడతాయి. ముందు నిలబడ్డవాడికి గూటి మీద చేప కంటికి కనిపిస్తుంది. అతను దాన్ని పట్టేదాకా కదలడు, పట్టాక అక్కడ ఇంకేమీ మిగలదు. వెనకవాడు రోజంతా ఖాళీ నీటిలో గాలం వేసినట్టే. అదే కెంటకీ సరస్సు లాంటి టెన్నెసీ నది జలాశయాల్లో నడి వేసవిలో పరిస్థితి తలకిందులవుతుంది. చేపలు ఒడ్డుకి దూరంగా, పాత నది గట్టు అంచున లోతులో గుంపుగా చేరతాయి. బోటు ఒకేచోట నిలిచిపోతుంది, గుంపు మేత మీద పడితే ముందున్నవాడికీ వెనకున్నవాడికీ ఒకేలా పడతాయి. ఈరీ సరస్సులో గాలికి బోటును వదిలేసి స్మాల్‌మౌత్ బ్యాస్ కోసం నిలువుగా ఎర దించేటప్పుడూ అంతే, ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నది పెద్దగా లెక్కలోకి రాదు. ఒకే నిబంధనల పుస్తకం ఏప్రిల్‌లో అన్యాయంగా, జూలైలో న్యాయంగా పనిచేస్తుందన్నమాట.

ఈ తేడాను ఇటీవలి సాంకేతికత మరింత పెంచింది. 2018లో గార్మిన్ సంస్థ లైవ్‌స్కోప్ అనే సోనార్ తెచ్చింది. బోటు ముందు నీటిలో ఉన్న చేప, దాని వైపు వెళుతున్న ఎర, రెండూ అప్పటికప్పుడు తెర మీద కదులుతూ కనిపిస్తాయి. ఆ సోనార్ కన్ను ట్రోలింగ్ మోటారు కాడకే బిగించి ఉంటుంది. అంటే అది చూసేది ముందున్నవాడు చూడాలనుకున్న వైపే. అతను ఒంటరిగా తిరిగే ఒక్కో చేపను తెర మీద వెతికి, దాని ముక్కు ముందు ఎర వేస్తాడు. వెనకవాడికి ఒడ్డూ లేదు, రేవూ లేదు, గట్టూ లేదు. నడి సరస్సులో ఏం కనపడని నీళ్లు మాత్రమే ఉన్నాయి. ప్రొఫెషనల్ పోటీలు ఈ పరికరాన్ని కట్టడి చేయడం మొదలుపెట్టాయి. 2025లో మేజర్ లీగ్ ఫిషింగ్ అనే పోటీల సంస్థ తన అగ్రశ్రేణి పోటీల్లో రోజుకు మూడు భాగాల్లో ఒక్క దాంట్లోనే దీన్ని వాడనిచ్చింది. అక్కడి చర్చంతా ప్రొఫెషనల్స్ మధ్య సమానత్వం గురించీ, చూసేవాళ్ల ఆసక్తి గురించీ. వెనక సీటు మీద దాని ప్రభావం ఎక్కువున్నా మాట మాత్రం తక్కువే వినిపిస్తుంది.

ఇక నిబంధనలకు అందని మర్యాద ఒకటుంది. ప్రొఫెషనల్ కావాలనుకుంటే బోటు ముక్కును ఒడ్డు వైపు తిప్పి, వెనక భాగం పూర్తిగా లోతు నీటి మీదకి వెళ్లేలా నిలపగలడు. కో-యాంగ్లర్ ఎర ఒడ్డు దాకా చేరదు. ఇది మోసం అనలేం, ఎందుకంటే బోటు నడపడం అతని హక్కు. గాలి అలా తోస్తోందని చెప్పుకోవచ్చు కూడా. మంచి ప్రొఫెషనల్స్ అలా చేయరు. బోటును ఒడ్డుకి సమాంతరంగా ఉంచి వెనకవాడికీ ఒక దారి ఇస్తారు. ఎవరు ఎలాంటివారో ఔత్సాహికుల మధ్య అందరికీ తెలుసు. చీటీలో ఫలానా పేరు వస్తే ముఖం వెలుగుతుంది, ఇంకో పేరు వస్తే వాడిపోతుంది.

ముందున్నవాడి గోడు

ప్రొఫెషనల్ వైపు నుంచి చూసినా ఫిర్యాదు బలహీనమైనదేమీ కాదు. అగ్రశ్రేణి బ్యాస్ పోటీల్లో ఆడేవాళ్లకి ఎవరూ జీతం ఇవ్వరు. పైగా ప్రవేశ ఫీజు వాళ్లే కట్టుకోవాలి. స్కాట్ స్థాపించిన సంస్థ నడిపే అగ్రశ్రేణి పోటీలైన బ్యాస్‌మాస్టర్ ఎలీట్ సిరీస్‌లో ఒక సీజన్ ఫీజులే 40 వేల డాలర్లు దాటుతాయి. బోటు, పెట్రోలు, హోటళ్లు వేరే. అలా ఆడే మనిషికి రోజు మొత్తంలో లెక్కలోకి వచ్చేవి బరువైన ఐదు చేపలే. ఆ ఐదింటిలో ఒకటి కావాల్సిన నాలుగు పౌండ్ల చేప తను వెతికి పట్టిన చోటే వెనకవాడి గాలానికి పడితే, ఆ నాలుగు పౌండ్లు రెండు రకాలుగా నష్టం. తన తూకంలో చేరదు, రేపటికి ఆ చోట మిగలదు కూడా. కొన్ని పోటీలు కో-యాంగ్లర్ పరిమితిని ఐదు నుంచి మూడు చేపలకు తగ్గించడంలో ఉద్దేశం ఇదే. వెనకవాడు మూడు పట్టాక అంతకన్నా పెద్దదానికోసమే చూస్తాడు, నీటి మీద ఒత్తిడి కొంత తగ్గుతుంది.

అంతకన్నా పెద్ద భయం సమాచారం. చీటీ పద్ధతిలో కో-యాంగ్లర్ ప్రతి రోజూ వేరే ప్రొఫెషనల్ బోటులో వెళతాడు. నిన్న ఒకరి రహస్య స్థలం చూసినవాడు నేడు అతని ప్రత్యర్థి పక్కన కూర్చుంటాడు. స్థలాలు చెప్పకూడదని నిబంధనలున్నాయి, అనుమానం వస్తే లై డిటెక్టర్ పరీక్ష పెట్టే అధికారమూ నిర్వాహకులకు ఉంటుంది. కానీ ఒక మాట నోరు జారిందో లేదో నిరూపించడం ఎవరి తరం? "అటు వైపు పెద్దగా ఏమీ లేదులెండి" అన్న ఒక్క వాక్యం చాలు, ఎదుటివాడి ప్రణాళిక మారిపోవడానికి.

చివరికి ఎలీట్ సిరీస్ తెగేసింది. 2006లో మొదలైనప్పుడు అందులోనూ కో-యాంగ్లర్లు ఉండేవారు. 2009 నుంచి వాళ్ల స్థానంలో మార్షల్స్ వచ్చారు. మార్షల్ కూడా ఔత్సాహికుడే, కొంత రుసుము కట్టి బోటు ఎక్కేవాడే. కానీ గాలం వేయడు. ప్రొఫెషనల్ పట్టిన చేపల అంచనా బరువు నమోదు చేస్తాడు, నిబంధనలు తప్పకుండా చూస్తాడు, ఎనిమిది గంటలు పక్కనే ఉండి గమనిస్తాడు. రెండో సీటు నలభై ఏళ్ల తర్వాత మళ్లీ సాక్షి చేతికే వచ్చిందన్నమాట. ఈ నిర్ణయం మీద అప్పట్లో చాలా బాధ వ్యక్తమైంది. నిష్పక్షపాతంగా చూస్తే అది సరైన నిర్ణయమే. ఒకరి సీజన్ మొత్తం, ఇంటి ఖర్చులు ఆ ఐదు చేపల మీద ఆధారపడి ఉన్నప్పుడు అదే నీటిలో ఇంకో గాలం ఉండటానికి గట్టి కారణం కావాలి. అక్కడ అలాంటి కారణం లేదు. కింది స్థాయి పోటీల్లో మాత్రం ఉంది, అందుకే అక్కడ కో-యాంగ్లర్లు ఇంకా కొనసాగుతున్నారు. ఆ కారణం ఏమిటో అర్థం కావాలంటే బ్యాస్‌ను కాసేపు పక్కన పెట్టి వాలై అనే ఇంకో మంచినీటి చేప దగ్గరికి వెళ్లాలి.

బరువు ఒకటే అయితే

అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో వాలై పోటీలు బాగా జరుగుతాయి. నేషనల్ వాలై టూర్‌లో కూడా ప్రొఫెషనల్, కో-యాంగ్లర్ ఉంటారు, రోజూ జతలు మారతాయి. కానీ ఒక్క నిబంధన వేరు. బోటులోకి వచ్చిన ప్రతి చేప ఇద్దరిదీ. తూకంలో వచ్చిన బరువు ఇద్దరి ఖాతాలోనూ పడుతుంది.

ఈ ఒక్క మార్పుతో బోటులో వాతావరణమే మారిపోతుంది. ప్రొఫెషనల్ తన ఎర రంగు దాచడు, జతగాడి చేతికి అదే రంగు ఇస్తాడు. దారం ఎంత వదలాలో, బోటు ఏ వేగంలో ఉన్నప్పుడు ఎర ఎంత లోతుకి దిగుతుందో వివరిస్తాడు. వాలై పట్టడంలో కదిలే బోటు వెనక చాలా దారాలు లాక్కెళ్లే పద్ధతి ఉంది. ఒక మనిషి ఎన్ని దారాలు వేయవచ్చో రాష్ట్ర చట్టం చెబుతుంది. విస్కాన్సిన్‌లో మనిషికి మూడు. ఇద్దరుంటే ఆరు. ఔత్సాహికుడు బోటు ఎక్కడం వల్లే నీటిలో ఎరలు రెట్టింపవుతాయి. అతను వల సరిగ్గా పట్టకపోతే పెద్ద చేప పోతుంది, సరిగ్గా పడితే నిలుస్తుంది. అతను అవసరమైన మనిషి, అందుకే అతనికి నేర్పడం ప్రొఫెషనల్‌కి లాభం.

కింది స్థాయి పోటీల్లో రెండో గాలానికి ఉన్న కారణం ఈ నేర్చుకోవడమే. బ్యాస్ బోటులో ఔత్సాహికుడు చూసి నేర్చుకోవాలి. వాలై బోటులో చెప్పించుకుని నేర్చుకుంటాడు. రెంటి మధ్య చాలా దూరం ఉంది. ఎవరైనా నిజంగా నేర్చుకోవడానికే డబ్బు కట్టాలనుకుంటే ఉమ్మడి బరువు పద్ధతికి సాటి వచ్చేది లేదు.

లోపం కూడా అక్కడే ఉంది. బరువు ఉమ్మడిదైనప్పుడు కో-యాంగ్లర్ల విభాగంలో గెలిచింది ఎవరు? రెండు మూడు రోజులు వరసగా చీటీలో మంచి ప్రొఫెషనల్స్ దొరికినవాడు. అతని సొంత చేయి ఎంత ఉందో ఆ ఫలితం చెప్పదు. బ్యాస్ పద్ధతిలో వెనక నిలబడి గెలిచినవాడు మాత్రం తన గాలానికి పడ్డ చేపలతోనే గెలిచాడు. ప్రొఫెషనల్ ఒట్టి చేతులతో తిరిగొచ్చిన బోటులోంచి కో-యాంగ్లర్ నిండు సంచితో దిగే రోజులూ ఉంటాయి. ఒక పద్ధతి నేర్పుతుంది గానీ కొలవదు, ఇంకోటి కొలుస్తుంది గానీ నేర్పడానికి ఎవరినీ ఒప్పించదు. రెండూ ఒకేసారి కుదిరే నిబంధన ఇంతవరకు ఎవరూ రాయలేదు.

తలకిందులైన సముద్రం

సముద్రంలో మార్లిన్ అనే పెద్ద చేపల పోటీలకు వచ్చేసరికి పాత్రలు మారిపోతాయి. అక్కడ గాలం కర్ర పట్టుకునేవాడు తరచుగా ఔత్సాహికుడే, అదీ డబ్బున్న ఔత్సాహికుడు. బోటు నడిపే కెప్టెన్, ఎరలు సిద్ధం చేసే సిబ్బంది ప్రొఫెషనల్స్. ఏ నీటికి వెళ్లాలి, ఏ వేగంలో ఎర లాగాలి, చేప లేస్తే బోటు ఎటు తిప్పాలి అంతా వాళ్లే చూస్తారు. మరి పోటీ ఎవరిది? దీనికి జవాబుగా 1939లో ఏర్పడిన ఇంటర్నేషనల్ గేమ్ ఫిష్ అసోసియేషన్ ఒక గీత గీసింది. చేప గాలానికి తగిలాక కర్రను, రీలును, దారాన్ని ఇంకొకరు ముట్టుకుంటే ఆ చేప చెల్లదు. చేప దగ్గరికొచ్చాక చివరి లీడర్ తీగను మాత్రం సిబ్బంది పట్టుకోవచ్చు. మిగతా పోరాటమంతా ఆ ఒక్కరిదే. కెప్టెన్ ఎంత గొప్పవాడైనా ఆ కాసేపు బోటు నడపడమే గానీ కర్ర ముట్టడానికి లేదు.

ఈ పోటీల్లో డబ్బు బ్యాస్ పోటీలకు అందనంత ఎత్తులో ఉంటుంది, అందుకే నిబంధన అక్షరం తప్పినా ఊరుకోరు. మేరీలాండ్‌లోని ఓషన్ సిటీలో జరిగే వైట్ మార్లిన్ ఓపెన్‌లో 2016 విజేతకి సుమారు 28 లక్షల డాలర్లు రావాలి. లై డిటెక్టర్ పరీక్షల్లో తేడా వచ్చింది, అనుమతించిన సమయానికన్నా ముందే గాలాలు వేశారన్న ఆరోపణ వచ్చింది. వివాదం ఫెడరల్ కోర్టు దాకా వెళ్లింది, డబ్బు మిగతా విజేతలకు పంచారు. 2023లో నార్త్ కరోలైనాలోని బిగ్ రాక్ పోటీలో 619.4 పౌండ్ల బ్లూ మార్లిన్‌ను గంటల తరబడి పోరాడి తెచ్చారు. సొరచేప కొరికిన గాయం ఉన్నందున అది చెల్లదన్నారు. కొరికిన చేప ముందే అలసిపోయి ఉండవచ్చు, అప్పుడు పోరాటం సమానం కాదు అన్నది ఆ నిబంధన వెనకున్న తర్కం. కఠినంగా అనిపిస్తుంది గానీ, మనిషికీ చేపకీ మధ్య జరిగిందేమిటో తప్ప ఇంకేదీ లెక్కలోకి రాకూడదన్న పట్టుదల అందులో ఉంది. అది సడలితే గెలిచేది కర్ర పట్టినవాడు కాదు, ఖరీదైన సిబ్బందిని పెట్టుకున్నవాడు.

సొంత బోటుతో వచ్చేవాళ్లు

ఒడ్డున కూర్చుని గాలం వేసే ఇంగ్లండ్ మ్యాచ్ ఫిషింగ్‌లో ఈ తలనొప్పే లేదు. ఒడ్డు వెంట నంబర్లు వేసిన చోట్లు ఉంటాయి, సంచిలో చేయి పెట్టి నంబరు తీసుకోవాలి. నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన బాబ్ నడ్ లాంటివాడి పక్కన వారాంతంలో మాత్రమే గాలం పట్టే క్లబ్బు సభ్యుడు కూర్చోవచ్చు. ఇద్దరికీ ఎవరి నీళ్లు వాళ్లకుంటాయి. మంచి చోటు దొరకడం అదృష్టమే, ముఖ్యంగా వరస చివరి చోటుకి ఒక పక్క పోటీ ఉండదు. ఆ అదృష్టాన్ని తగ్గించడానికే ప్రపంచ పోటీల్లో ఒడ్డును ఐదు భాగాలు చేసి, ఒక్కో జట్టు నుంచి ఒక్కొక్కరిని ఒక్కో భాగంలో కూర్చోబెట్టి, ఆ భాగంలో వచ్చిన స్థానాన్ని బట్టి పాయింట్లు ఇస్తారు.

బ్యాస్ పోటీల్లో ఇంతటి సమానత్వం దొరికేది ఒకే దారిలో. క్లబ్బుల నుంచి, రాష్ట్ర జట్ల నుంచి మెట్టు మెట్టుగా గెలుచుకుంటూ, సొంతంగా బోటు ముందు నిలబడి ప్రొఫెషనల్స్‌తో తలపడే దారి అది. ఏటా జరిగే పెద్ద ఛాంపియన్‌షిప్ పోటీ అయిన బ్యాస్‌మాస్టర్ క్లాసిక్‌లో ఇలా వచ్చినవాళ్లకి కొన్ని స్థానాలు ఉంటాయి. కనెక్టికట్‌లో వంట పని చేసుకునే బ్రయన్ కర్చల్ 1993లో ఇలాగే వచ్చి చిట్టచివరి స్థానంలో నిలిచాడు. మళ్లీ కింది నుంచి గెలుచుకుంటూ 1994లో నార్త్ కరోలైనాలోని హై రాక్ సరస్సుకి వచ్చాడు. అప్పటికే పేరున్న ప్రొఫెషనల్ టామీ బిఫిల్‌ను నాలుగు ఔన్సుల తేడాతో ఓడించి క్లాసిక్ గెలిచాడు. వయసు 23. అదే ఏడాది డిసెంబరులో విమాన ప్రమాదంలో చనిపోయాడు. మైక్ ఐకనెలి 1999లో క్లబ్బుల జాతీయ పోటీ గెలిచి వచ్చినవాడే, 2003 క్లాసిక్ విజేత. పాల్ మ్యూలర్ కూడా క్లబ్బుల దారిలోనే వచ్చి 2014లో గంటర్స్‌విల్ సరస్సు మీద ఒకే రోజు ఐదు చేపలతో 32 పౌండ్ల 3 ఔన్సులు తూచాడు. క్లాసిక్‌లో ఒక రోజు రికార్డు అది. ఆ పోటీలో అతనిది రెండో స్థానం.

ఇది ఎందుకు సాధ్యమవుతుంది? బాస్కెట్‌బాల్‌లో ఔత్సాహికుడు ప్రొఫెషనల్‌ని వందలో ఒక్కసారీ ఓడించలేడు. చేపల వేటలో ఎదుటి ఆటగాడి దేహబలం అడ్డు రాదు, అడ్డొచ్చేది నీళ్లు. మూడు రోజుల పోటీలో రోజుకి ఐదు చేపలంటే మొత్తం పదిహేను. అంత చిన్న లెక్కలో ఒక మంచి నిర్ణయం, ఒక గాలి మార్పు తలరాత మార్చేస్తుంది. సీజన్ మొత్తం తీసుకుంటే ప్రొఫెషనల్సే పైన ఉంటారు, ఎందుకంటే కొత్త సరస్సులో మూడు రోజుల్లో చేపల జాడ తీయడం వాళ్ల చేతికి అబ్బిన పని. వెనక నిలబడ్డవాడికి దక్కని అనుభవం కూడా అదే. ఎర ఎలా వేయాలో వెనక నుంచి చూసి నేర్చుకోవచ్చు. చేపలు పడటం ఆగిపోయినప్పుడు ఉండాలా, ముప్పై మైళ్లు పరిగెత్తాలా అన్న నిర్ణయం భారం మాత్రం ఇంజన్ తాళం చేతిలో ఉన్నవాడికే తెలుస్తుంది.

కాబట్టి పోటీకి పేరు ఇచ్చే ముందు ఔత్సాహికుడు చూసుకోవాల్సింది బహుమతి మొత్తం కాదు. బరువు ఉమ్మడిదా, విడిదా? విడిదైతే పోటీ ఏ నెలలో, ఏ సరస్సు మీద? చేపలు గూళ్ల మీదుండే వసంతమా, గుంపులుగా లోతులో ఉండే వేసవా? లైవ్‌స్కోప్ లాంటి సోనార్‌కి అనుమతి ఉందా? కో-యాంగ్లర్‌కి ఎన్ని చేపల పరిమితి? నిర్వాహకుల ప్రకటనల్లో ఈ వివరాలు చిన్న అక్షరాల్లో ఎక్కడో అడుగున ఉంటాయి, ట్రోఫీ ఫొటో మాత్రం పైన పెద్దగా ఉంటుంది. ఎంట్రీ ఫీజుల్లోంచే బహుమతులు చాలావరకు ఏర్పడే ఆటలో వెనక సీటువాళ్లు కట్టిన డబ్బు కూడా ఆ పళ్లెంలోకే వెళుతుంది. అలాంటప్పుడు ఏ రుతువులో, ఏ నీటి మీద వాళ్లకి నిజమైన అవకాశం ఉంటుందో లెక్కవేసి పోటీల తేదీలు నిర్ణయించడం నిర్వాహకుల బాధ్యత. ఈ పని కష్టమైనదేమీ కాదు. వసంతంలో గూళ్ల మీద జరిగే పోటీలను మార్షల్స్‌తో నడిపి, వేసవిలో లోతు నీటి పోటీలకు కో-యాంగ్లర్లను తీసుకుంటే సగం ఫిర్యాదులు అక్కడికక్కడే ఆగిపోతాయి.